పౌరుని హక్కు - పదవికి అర్హత

(హైదరాబాదు, అమీర్‌పేటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీరు మెట్రో రైలు దిగి మైత్రీవనము మీదుగా ఈ మందిరమునకు నడచి వచ్చునప్పుడు గోడగోడకును వ్రేలాడుచున్న బోర్డులను చూచియే యుందురు. కంప్యూటరు విద్యలు నేర్పెదమనియు, విదేశములకు పంపెదమనియు వానిపై వ్రాసియున్నది. ఆ మెట్లపై సంచులు తగిలించుకొని నిలిచియున్న యువతీయువకులలో పెక్కుమంది మీ గ్రామముల బిడ్డలే. అద్దెగదులలో నలుగురైదుగురు కలిసియుండి, మెస్సు భోజనము చేయుచు, ఇచ్చట విద్య నేర్చి, వారిలో కొందరు అమెరికా చేరుచున్నారు. కావున అమెరికా మనకు పటములోని దేశము మాత్రమే కాదు. ఆదివారమునాడు ఫోనులో మాటలాడు దేశము కూడ నైనది.

నిన్న సాయంకాలము మీలో నొక పెద్దమనిషి మమ్ము సమీపించి ఒక ప్రశ్న యడిగినారు. వారి మాటలలోనే చెప్పెదము. "అయ్యా, మా ఊళ్లె ఒక ఆడబిడ్డ వార్డు మెంబరుగ నిలబడ్డది. లెక్క కాయితం ఇయ్యలేదని మూడేండ్లు పోటీకి పనికిరాదన్నరు. మా పిలగాడు అమెరికాల ఉన్నడు. ఆడ కోర్టు నేరం రుజువైందని చెప్పిన మనిషి ప్రెసిడెంటు అయిండని ఫోన్ల చెప్పిండు. అంత పెద్ద కుర్చీకి లేని కట్టడి మా చిన్న కుర్చీకి ఎందుకయ్యా?"

ఇది నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదు. మేము ప్రసంగించుటకై వేరొక విషయమును సిద్ధపరచుకొని వచ్చితిమి గాని, రాత్రి దానిని ప్రక్కన బెట్టి, ఈ ప్రశ్నకే సమాధానము చెప్పుట మంచిదని తలచితిమి.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ఓటు వేయు హక్కు వేరు, ఓటు నడుగు హక్కు వేరు. పాలకుల నెన్నుకొనుట మొదటిది. తానే పదవికి నిలుచుట రెండవది.

ఓటు హక్కు విషయమున మన దేశము ఒక్క అంగలో చేసిన పనికి అమెరికా నూరేండ్లకు పైగా తీసికొన్నది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 326వ అధికరణము ద్వారా, స్త్రీ పురుష భేదము గాని, కుల భేదము గాని, చదువు సంధ్యల భేదము గాని లేక వయోజనులందరికిని ఓటు నొసగినది. అప్పుడు 21 ఏండ్లుగా నున్న వయస్సు 61వ సవరణతో 1989 నుండి 18 ఏండ్లయినది. అమెరికాలోనన్ననో, జాతినిబట్టి ఓటు నిరాకరింపరాదని 1870లో 15వ సవరణ చెప్పినది. స్త్రీలకు 1920లో 19వ సవరణ ఓటు నిచ్చినది. పన్ను చెల్లించిననే ఓటు అను పద్ధతి జాతీయ ఎన్నికలలో 1964లో తొలగినది. దక్షిణ రాష్ట్రముల నల్లజాతివారికి కాగితముపై నున్న హక్కు చేతికందుటకు 1965 నాటి ఓటు హక్కుల చట్టము కావలసివచ్చినది. ఈ విషయమున మనము తల యెత్తుకొని నిలువవచ్చును.

ఇక పదవికి నిలుచు హక్కు. ఇందు రెండు దేశముల త్రోవలును వేరు.

అమెరికా రాజ్యాంగము కోరు అర్హతలు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ప్రతినిధుల సభకు 25 ఏండ్ల వయస్సు, ఏడేండ్ల పౌరసత్వము. సెనేటునకు 30 ఏండ్లు, తొమ్మిదేండ్ల పౌరసత్వము. ఎన్నుకొను రాష్ట్రమున నివాసము. అధ్యక్షునికి 35 ఏండ్లు, 14 ఏండ్ల నివాసము, జన్మతః పౌరసత్వము. ఈ పట్టికకు క్రొత్త నిబంధనలను చేర్చుటకు కాంగ్రెసు సభలకు అధికారము లేదని 1969లోను, రాష్ట్రములకును లేదని 1995లోను ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇందలి ఆలోచన యేమనగా, ఎవరు నిలువవచ్చునో నిర్ణయించు అధికారము పాలకుల చేతికి చిక్కిన, వారు తమ ప్రత్యర్థులను ముందుగనే తొలగింతురు. కావున ఆ నిర్ణయము ఓటరుకే విడువవలెను.

ఈ కారణముచేతనే అచ్చట కారాగారము కూడ పోటీకి అడ్డుగాలేదు. మొదటి ప్రపంచయుద్ధమును వ్యతిరేకించుచు ప్రసంగించినందుకు యూజీన్ డెబ్స్ అను సోషలిస్టు నాయకునికి పదేండ్ల శిక్ష పడినది. ఆయన 1920లో అట్లాంటా జైలులో నుండియే అధ్యక్ష పదవికి పోటీచేయగా 9 లక్షలకు పైగా ఓట్లు వచ్చినవి. మన పెద్దమనిషి కుమారుడు ఫోనులో చెప్పినదియు నిజమే. డొనాల్డ్ ట్రంపుపై వ్యాపారపు లెక్కలను తప్పుగా వ్రాయించిరను 34 అభియోగములు రుజువైనట్లు 2024 మే 30న న్యూయార్కులో జూరీ తీర్పు చెప్పినది. ఆయన దానిపై అప్పీలు చేసినారు. అదే సంవత్సరము నవంబరులో ఓటర్లు ఆయనను ఎన్నుకొనగా, 2025 జనవరి 20న ప్రమాణ స్వీకారము చేసినారు. రాజ్యాంగము కోరు అర్హతలలో శిక్షపడకుండుట అనునది లేదు.

అట్లని అచ్చట అనర్హతయే లేదనుకొనరాదు. అంతర్యుద్ధానంతరము 1868లో చేసిన 14వ సవరణలో మూడవ విభాగము, రాజ్యాంగమునకు కట్టుబడెదనని ప్రమాణము చేసి పిమ్మట తిరుగుబాటులో పాల్గొన్నవాడు మరల పదవికి అనర్హుడని చెప్పుచున్నది. ఈ వాక్యము నాధారముగా గొని కొలరాడో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ట్రంపు పేరును తొలగింపజూడగా, జాతీయ పదవుల విషయమున రాష్ట్రము లట్లు చేయజాలవని 2024 మార్చి 4న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. కాని మీరు గమనింపదగిన ఉదంతము మరియొకటి కలదు. న్యూ మెక్సికో రాష్ట్రమున ఓటెరో అను కౌంటీకి - మన జిల్లా పరిషత్తు వంటి దనుకొనుడు - కమిషనరుగా నున్న కూయ్ గ్రిఫిన్ అనునతనిని, 2021 జనవరి 6 నాటి వాషింగ్టను అల్లరులలో పాల్గొన్నందున, 2022 సెప్టెంబరులో న్యాయస్థానము ఇదే వాక్యముతో పదవినుండి తొలగించినది. ఆ తీర్పు నిలిచినది. చిన్న పదవికి వర్తించిన వాక్యము పెద్ద పదవికి చేరుటకు అమెరికాలోను అడ్డంకులున్నవని దీనివలన తెలియును.

మన త్రోవ వేరు. మన రాజ్యాంగకర్తలు ఓటును అందరికి నిచ్చి, పదవికి మాత్రము చట్టమును కాపలా బెట్టినారు. పార్లమెంటు సభ్యులకు 102వ, శాసనసభ్యులకు 191వ, పంచాయతీలకు 243-ఎఫ్ అధికరణములు అనర్హతలను తెలుపుచున్నవి. వీనిని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము విస్తరించినది. ఏ నేరమునకైనను రెండేండ్లకు తక్కువగాని శిక్ష పడినచో, ఆ తీర్పు నాటినుండియు, విడుదలయైన పిమ్మట మరి ఆరేండ్లును అనర్హత. పూర్వము పదవిలో నున్నవారికి అప్పీలు తేలువరకు మినహాయింపు ఉండెడిది. లిల్లీ థామస్ దావాలో 2013 జులై 10న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసినది. పై కోర్టు నేరనిర్ణయమును నిలిపివేసిననే సభ్యత్వము దక్కును. ఈ నగరముననే 2025 మే నెలలో ఓబులాపురము గనుల కేసులో సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానము ఏడేండ్ల శిక్ష విధింపగా కర్ణాటక శాసనసభ్యులు గాలి జనార్దనరెడ్డి సభ్యత్వము పోయినది. జూనులో తెలంగాణ హైకోర్టు ఉత్తర్వు పిమ్మట తిరిగి వచ్చినది. కాపలాదారు కఠినుడే గాని, అతనిపై న్యాయాధికారి కూడ కలడు.

"ఈ చట్టము చిన్నవారిపైననేనా?" అని మీరడుగవచ్చును. మన తెలుగునాటి చరిత్రయే దీనికి జవాబు చెప్పగలదు. 1967 ఎన్నికలలో మర్రి చెన్నారెడ్డిగారు తాండూరు నుండి శాసనసభకు ఎన్నికైనారు. కేంద్రములో ఉక్కు, గనుల మంత్రియు నైనారు. వారి చేతిలో ఓడిన వందేమాతరం రామచంద్రరావుగారు ఎన్నికల పిటిషను వేసినారు. అవినీతికర ఎన్నికల పద్ధతులు రుజువైనవని 1968లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఎన్నికను రద్దుచేసినది. అదే సంవత్సరాంతమున సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. కేంద్రమంత్రి పదవి పోయినది; ఆరేండ్ల అనర్హత పడినది. 1969 తెలంగాణా ఉద్యమమునకు వారు నాయకత్వము వహించిరి. 1971 లోక్‌సభ ఎన్నికలలో వారి తెలంగాణా ప్రజాసమితి ఈ ప్రాంతపు 14 స్థానములలో 10 గెలిచినది. కాని ఆ పార్టీని నడపిన నాయకుడు తాను అభ్యర్థిగా నిలుచుటకు వీలులేకపోయినది. అనర్హత గడువు తీరిన పిదప, 1978లో వారే ముఖ్యమంత్రియైరి.

ఈ ఉదంతమున రెండు పాఠము లున్నవి. కేంద్రమంత్రియైనను చట్టము విడువలేదనుట మొదటిది. చట్టము పదవిని ఆపగలదే గాని, ప్రజల అభిమానమును ఆపజాలదనుట రెండవది. అనర్హత ఉరిశిక్ష కాదు. గడువు గల శిక్ష. గడువు తీరిన పిమ్మట తీర్పు మరల ఓటరు చేతిలోనికే వచ్చును.

మీ యిండ్లకు మిక్కిలి దగ్గరి విషయము పౌరసత్వము. బిడ్డలు విదేశములలో నున్న తలిదండ్రులు దీనిని శ్రద్ధగా వినవలెను.

పంజాబునుండి అమెరికాకు వెళ్లిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో ఆ దేశపు పౌరుడైనారు. 1950లో కాలిఫోర్నియాలోని ఒక చిన్న పట్టణమున న్యాయాధికారిగా ఎన్నికైనను, పౌరుడై ఏడాది నిండలేదని పదవి నిరాకరించిరి. ఆయన విసుగుచెందక 1952లో మరల నిలిచి గెలిచినారు. 1956లో కాంగ్రెసుకే ఎన్నికైనారు. మన హైదరాబాదులో పుట్టిన తెలుగు మహిళ అరుణా మిల్లర్ 2000లో అమెరికా పౌరురాలై, 2023 జనవరిలో మేరీల్యాండు రాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరైనారు. ఆమె అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు మాత్రము నిలువజాలరు; ఆ రెంటికిని జన్మతః పౌరులై యుండవలెను. మన రాజ్యాంగమున నట్టి నిబంధన లేదు. ఏ త్రోవను పౌరసత్వము పొందినవారైనను, భారత పౌరులై తక్కిన అర్హతలు కలిగినచో, రాష్ట్రపతి పదవికి సైతము నిలువవచ్చును. ఈ యంశమున మన ద్వారమే వెడల్పు.

కాని రెండు దేశముల పౌరసత్వములను ఒక్కసారి ఉంచుకొనుటకు మన చట్టము అంగీకరింపదు. వేములవాడ నుండి 2009 మొదలుకొని నాలుగుమార్లు శాసనసభకు గెలిచిన చెన్నమనేని రమేశ్‌గారి వ్యవహారము మీకు తెలిసినదే. వారి భారత పౌరసత్వమును కేంద్ర హోంశాఖ 2019లో రద్దుచేసినది. వారు జర్మనీ పౌరులేయని 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించినది. అందు 25 లక్షలు వారిపై పోరాడిన ప్రత్యర్థికి చెందవలెననినది. నాలుగుమార్లు ప్రజలు గెలిపించినను, పౌరసత్వము లేని లోటును ఓట్లు పూడ్చలేకపోయినవి.

కావున ఇది గుర్తుంచుకొనుడు. మీ అబ్బాయి అమెరికాలో ఉద్యోగము చేయుచున్నను, భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు, అతడు మన పౌరుడే. 2010లో చేసిన సవరణ వలన ప్రవాసి ఓటరుగా పేరు నమోదు చేసికొని, ఎన్నికనాడు స్వయముగా వచ్చి మీ ఊరి బూతులో అసెంబ్లీకి, పార్లమెంటునకు ఓటు వేయవచ్చును. అమెరికా పౌరసత్వము తీసికొన్నచో, ఓ.సి.ఐ. కార్డు చేతనున్నను, ఓటు లేదు, పోటీ లేదు. పాత జాబితాలో పేరు మిగిలియున్నదను ధీమాతో నామినేషను వేయించుట తగదు.

ఇంకొక విచిత్రమును కూడ చెప్పవలెను. మన దేశమున జైలులో నున్నవాడు ఓటు వేయజాలడు. కాని శిక్షపడని విచారణ ఖైదీ పోటీ చేయవచ్చును. 2024 లోక్‌సభ ఎన్నికలలో జైలులో నుండియే ఇరువురు గెలిచినారు. అమెరికాలో మెయిన్, వెర్మాంటు రాష్ట్రములలో ఖైదీలును ఓటు వేయుదురు. పెక్కు రాష్ట్రములలో శిక్షాకాలమున ఓటు పోవును. తనకు తాను ఓటు వేసికొనలేనివాడు ఇతరుల ఓట్లతో గెలువగలుగుట రెండు దేశములలోను కలదు. ఏ దేశమును ఈ ముడిని పూర్తిగా విప్పలేదు.

ఇక పంచాయతీలు. 243-ఎఫ్ అధికరణము 21 ఏండ్లకే మీకు పోటీ హక్కు నిచ్చినది. దానితోపాటు రాష్ట్ర శాసనసభ వేరుగా అనర్హతలను నిర్ణయింపవచ్చు ననినది. ఇద్దరు బిడ్డల నిబంధన అట్లు వచ్చినదే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టములో చేరి, 2018 నాటి తెలంగాణ చట్టములోను కొనసాగినది. ఇట్టి హర్యానా నిబంధన చెల్లునని, పోటీ హక్కు ప్రాథమిక హక్కు కాదని, 2003లో సుప్రీంకోర్టు చెప్పినది. మూడవ బిడ్డ పుట్టినదని పదవి పోయినవారిని, పదవికై బిడ్డల లెక్కను దాచజూచినవారిని మేము పర్యటనలలో ఎరుగుదుము. ఎమ్మెల్యేకు లేని నిబంధన వార్డు సభ్యునికి ఏలయని ముప్పదియేండ్లు మీరడిగినారు. ఆంధ్రప్రదేశ్ 2024లోను, తెలంగాణ 2025లోను దీనిని తొలగించినవి. చట్టము మనుష్యులు చేసినది. లోపమున్నచో మనుష్యులే మార్తురు. కాని మారువరకు పాటింపవలెను.

ఇక ఆ ఆడబిడ్డ విషయము. ఎన్నికల ఖర్చుకు పరిమితి కలదు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలలో 5,000కు పైబడిన జనాభా గల గ్రామమున సర్పంచి అభ్యర్థికి రెండున్నర లక్షలు, వార్డు అభ్యర్థికి 50 వేలు. చిన్న గ్రామములలో లక్షన్నర, 30 వేలు. గెలిచినను ఓడినను, ఫలితము వెలువడిన 45 దినములలో లెక్క దాఖలు చేయవలెను. సరియైన కారణము లేక దాఖలు చేయనిచో మూడేండ్ల అనర్హత.

ఆమె సంగతి మేము రాత్రి మరల అడిగి తెలిసికొంటిమి. ఆమె ఓడిపోయినది. లెక్క కాగితముల పని భర్త చూచుకొందుననినాడు. ఓడినవారికి లెక్క యేలయని విడిచిపెట్టినాడు. నోటీసు వచ్చినది, అతడే సంతకము పెట్టి తీసికొని, బీరువాపై బెట్టినాడు. ఖర్చయినది కరపత్రములకు, మైకు ఆటోకు పెట్టిన కొద్ది వేలే. దాచవలసినదేమియు లేదు. తన పేరున వచ్చిన ఉత్తర్వును ఆమె మొదటిసారి చూచినది, తరువాత ఆ స్థానమునకు నిలువుమని ఊరి స్త్రీలు అడుగవచ్చిననాడు.

ఇది విని మాకు నిద్రపట్టలేదు. ఇట్టి సమావేశములలో లెక్కల గడువును మేము ఎన్నిమార్లో చదివితిమి. ఎదుట కూర్చుండి వ్రాసికొన్నవారిలో అధికులు భర్తలు. అభ్యర్థిని అయిన స్త్రీ చేతికి ఆ కాగితము అందినదా యని మేము అడుగలేదు. ఈ లోపములో మా భాగమును ఉన్నది.

అయ్యా, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు చెప్పుదుము. లెక్కల కట్టడి చిన్న కుర్చీకి మాత్రమే కాదు. పార్లమెంటుకు, అసెంబ్లీకి నిలిచినవారు 30 దినములలోనే లెక్క నీయవలెను. ఈయనిచో వారికిని మూడేండ్ల అనర్హతయే. మీకు 45 దినములు కలవు. అమెరికావారు ముందుగా ఓటరును నమ్మినారు. మనము చట్టమును ముందు నిలిపి, పిమ్మట ఓటరు నడిగినాము. ఓటరు మోసపోయినచో అచ్చట ఆపుట కష్టము. చట్టము గ్రుడ్డిగా నడచినచో ఇచ్చట అమాయకులు నలిగిపోవుదురు. ఒకటి గొప్పది, ఒకటి తక్కువది యని మేము చెప్పజాలము. అయితే మన పద్ధతిలో ఒక బాధ్యత హెచ్చు. చట్టమును కాపలా పెట్టుకొన్నవారు ఆ చట్టమును తెలిసికొనియుండవలెను. తెలియనివానికి కాపలాదారే దొంగవలె కనబడును.

కావున మిమ్ము మూడు కోరుచున్నాము. మీ పంచాయతీ కార్యాలయమున అర్హతల, అనర్హతల పట్టికను తెలుగులో వ్రాయించి, అందరికిని కనబడునట్లు గోడకు కట్టింపుడు. స్త్రీ సభ్యురాలి పేర వచ్చిన కాగితము ఆమె చేతికే ఈయవలెనని, ఆమెయే చదివి లేదా చదివించుకొని సంతకము చేయవలెనని తీర్మానింపుడు. సర్పంచి పదవిని వేలము వేసి, సొమ్ము పలికినవానిని ఏకగ్రీవమను పేర నిలుపు దురాచారమును మీ ఊరికి రానీయకుడు. అది ఓటరును, చట్టమును రెంటిని ఒక్కసారి ఇంటికి పంపుటయే.

ఆ ఆడబిడ్డకు మూడేండ్ల గడువు వచ్చు సంవత్సరము తీరునట. ఆ దినమును కాగితముపై వ్రాసి ఆమెకు చేరవేయుదునని ఈ పెద్దమనిషి ఉదయము మాకు మాట ఇచ్చినారు. ఈమారు లెక్క తానే వ్రాసికొనునట. ఆమె నిలుచుగాక. గెలుపోటములు మీ ఊరివారు చూచుకొందురు.